పొద్దున ఏం తిన్నారు?

పిల్లలూ!

ఈ నెల మిమ్మల్ని ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను. ఇవాళ బడికి బయలుదేరే ముందు ఏం తిన్నారు?

నిజం చెప్పాలి సుమా! బడిలో మాస్టారు ఈ ప్రశ్న వేస్తే తరగతి తరగతంతా ఒకే గొంతుతో "తిన్నాం సార్!" అంటుంది. నేను అడిగేది అది కాదు. ఏం తిన్నారు? ఎంత తిన్నారు? కూర్చుని తిన్నారా, చెప్పులు వేసుకుంటూ తిన్నారా?

మీరు ఆలోచించుకునే లోపల మనం ఒక చోటికి పోయి వద్దాం. హైదరాబాదులో మెహదీపట్నం దగ్గర తెల్లవారుజామున బస్సెక్కి పడమరగా పోతే, ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చెరువులకు దగ్గరలో మొయినాబాదు వస్తుంది. మర్రిచెట్లకు పేరుపడ్డ ఆ దారినే ఇంకా ముందుకు పోతే చేవెళ్ళ. చుట్టూ కూరగాయల మళ్ళు, పూలతోటలు. కాని మనం వచ్చింది తోటలు చూడటానికి కాదు, వంటిళ్ళలోకి తొంగిచూడటానికి! నేను చెప్పబోయే ఇళ్ళు మనం ఊహించుకునేవే. అయినా అలాంటివి ఆ దారి పొడుగునా ఉన్నాయి.

మొదటి ఇల్లు చామంతి తోట వాళ్ళది. అమ్మా నాయనా కోడి కూయకముందే పూలమూటలు బండికెక్కించి గుడిమల్కాపూర్ మార్కెట్టుకు పోయారు. ఇంట్లో ఉన్నది అవ్వ, ఇద్దరు పిల్లలు. రాత్రి మిగిలిన అన్నంలో అవ్వ నీళ్ళు పోసి మూతపెట్టి ఉంచింది. ఇప్పుడు అందులో పెరుగు కలిపి, ఉప్పు వేసి, ఉల్లిగడ్డ కోసి, పక్కన ఇంత తొక్కు పెట్టి, "తిని పోండి బిడ్డా!" అంటున్నది. అదే సద్దన్నం. కోస్తావాళ్ళు చద్దన్నం అంటారు.

రెండో ఇంట్లో పొయ్యి మీద జొన్నరొట్టె పొంగుతున్నది. రాత్రి పప్పు వెచ్చబెట్టారు. మూడో ఇల్లు మొయినాబాదులో. అక్కడ ఎర్రపప్పు వేసి వండిన కిచిడీ, దానిలోకి చింతపండు, నువ్వులు కలిపిన ఖట్టా. హైదరాబాదు చుట్టుపక్కల ఇది ఎందరికో పొద్దుటి భోజనం. నాలుగో ఇంటి అమ్మ కాలేజీ హాస్టల్లో పనికి పోవాలి. వండే తీరిక లేక, బస్టాండు దగ్గర బండి మీద నాలుగు ఇడ్లీలు కట్టించుకుని వచ్చింది.

అయిదో ఇంట్లో పిల్లవాడు గ్లాసెడు టీలో బిస్కెట్లు ముంచుకుని తింటున్నాడు. "వీడికి ఇదే ఇష్టం, ఇంకేం పెట్టినా తినడు" అంటున్నది వాళ్ళమ్మ.

ఆరో ఇంటి తలుపుకు తాళం ఉంది. అమ్మ కూలికి పోయింది. పిల్ల ఏమీ తినకుండానే బడికి పోయింది. మాస్టారు అడిగితే ఆ పిల్ల కూడా అందరితోపాటు "తిన్నాం సార్!" అనే అంటుంది.

ఇప్పుడు ఒక లెక్క చెయ్యండి. రాత్రి 8 గంటలకు అన్నం తిన్న పిల్ల మళ్ళీ బడిలో మధ్యాహ్నం 1 గంటకు తింటే, మధ్యలో ఎన్ని గంటలు? 17 గంటలు! అంతసేపు ఒంటికి శక్తి ఎక్కడి నుంచి వస్తుంది?

మన కడుపులో కుడివైపున కాలేయం ఉంది. అది ఇంట్లో ధాన్యపు గాదె వంటిది. మనం తిన్నదానిలోని చక్కెరలో కొంత అది దాచి ఉంచుతుంది. మనం నిద్రపోతున్నప్పుడు ఆ నిలువ కొంచెం కొంచెంగా రక్తంలోకి వదులుతుంది. మీరు నిద్రపోయినా గుండె, ఊపిరితిత్తులు, మెదడు నిద్రపోవు కదూ! తెల్లవారేసరికి గాదె చాలావరకు తరిగిపోతుంది. పిల్లల గాదె పెద్దవాళ్ళ దానికంటె చిన్నది కూడాను.

మెదడు సంగతి మరీ వింత. పెద్దవాళ్ళలో అది ఒంటి బరువులో 50వ వంతు మాత్రమే. కాని కూర్చున్నచోటనే ఒంటికి కావలసిన శక్తిలో సుమారు 5వ వంతు అదే వాడేస్తుంది. ఎదిగే పిల్లల్లో ఆ వాటా ఇంకా ఎక్కువ. అందుకే ఏమీ తినని పిల్లకు పదకొండు గంటల వేళ లెక్క అర్థం కాకపోతే, ఆ పిల్ల మొద్దు కాదు. ఆకలిగా ఉంది, అంతే!

మరి టీ తాగిన పిల్లవాడు తిన్నట్టే కదా అంటారేమో. వాడి కడుపులో పడింది కాసిన్ని పాలు, పంచదార, మైదాపిండి. కాసేపటికి మళ్ళీ ఆకలి. అంతే కాదు. టీలో టానిన్లు అనే పదార్థాలున్నాయి. అవి తిండిలోని ఇనుమును పట్టుకుని ఒంటికి అందనీయవు. ఇనుము చాలకపోతే రక్తం పలచబడుతుంది, ఊరికే అలసట వస్తుంది. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, తెలంగాణలో 5 ఏళ్ళ లోపు పిల్లలను పరీక్షిస్తే ప్రతి 10 మందిలో 7గురికి రక్తహీనత ఉన్నదని తేలింది. అది ఒక్క టీ వల్ల వచ్చింది కాదు. చాలీచాలని తిండి, కడుపులో నులిపురుగులు, ఇంకా ఎన్నో కారణాలున్నాయి. కాని ఉన్న కాస్త ఇనుమును టీకి అప్పగించటం ఎందుకు?

ఇప్పుడు రెండో ఇంటి జొన్నరొట్టె దగ్గరకు వద్దాం. రొట్టె తిన్న ఆ పిల్లవాణ్ణి బడిలో స్నేహితులు "ఏం తిన్నావురా?" అంటే, "ఇడ్లీ" అని చెప్పాడు! ఎందుకో తెలుసా? రొట్టె అంటే నవ్వుతారని. ఇడ్లీ మంచిదే, దానిలో మినప్పప్పు ఉంది. కాని జొన్నరొట్టె తినటం సిగ్గుపడవలసిన పనా? తెల్లబియ్యంలో కంటె జొన్నలో ఇనుమూ, పీచూ ఎక్కువ. రాగుల సంగతి చూడండి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అన్నే గ్రాముల తెల్లబియ్యంలో 10 మిల్లీగ్రాములకు మించదు. ఎముకలకూ పళ్ళకూ కావలసింది ఆ కాల్షియమే. 2023 సంవత్సరాన్ని ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ప్రపంచమంతా మెచ్చుకున్న రొట్టెను మన పిల్లవాడు దాచిపెట్టుకుంటున్నాడు!

అలాగని ఒక్క జొన్న తింటే చాలునా? చాలదు. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. అది 1918లో నీలగిరి కొండల్లోని కూనూరులో ఒక చిన్న గదిలో మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చింది. అక్కడ డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు జొన్నే ముఖ్యాహారంగా బతికే పేదలలో పెల్లాగ్రా అనే జబ్బు రావటం గమనించి, 1960లో దాన్ని గురించి రాశారు. ఎండ తగిలే చోటల్లా చర్మం నల్లబడి పగిలిపోయే జబ్బు అది. తప్పు జొన్నది కాదు, జొన్న పక్కన మరేమీ లేకపోవటానిది. పాలూ, పప్పూ, ఆకుకూరా ఉన్న ఇంట్లో ఆ భయం లేదు. అందుకే మన పెద్దలు రొట్టెతో పప్పు, సద్దన్నంతో పెరుగు, కిచిడీలో ఎర్రపప్పు పెట్టారు. ధాన్యంలో తక్కువైన దాన్ని పప్పు తీరుస్తుంది, పప్పులో తక్కువైన దాన్ని ధాన్యం తీరుస్తుంది. వాళ్ళు ప్రయోగశాలకు పోలేదు, కాని జత కుదిర్చారు!

సద్దన్నానికి ఒక్క జాగ్రత్త. రాత్రి అన్నం చల్లారగానే మంచినీళ్ళు పోసి, శుభ్రమైన గిన్నెలో మూతపెట్టి, చల్లని చోట ఉంచాలి. తెల్లారేసరికి కంటికి కనపడని మేలు సూక్ష్మజీవులు చేరి కాస్త పులుపెక్కుతుంది. ఇడ్లీపిండి పొంగేదీ ఇటువంటి వాటివల్లనే. కాని చెడువాసన వచ్చినా, అన్నం జిగురుగా సాగినా తినకండి. ఎండాకాలంలో మరీ జాగ్రత్త.

ఇక తాళం వేసిన ఇంటి పిల్ల మాట. ఆ పిల్లకు "పొద్దున తప్పక తినాలమ్మా" అని నీతి చెప్పి ఏం లాభం? ఇంట్లో పెట్టేవాళ్ళు లేనప్పుడు ఊరు పెట్టాలి, బడి పెట్టాలి. ఈ ఆలోచన ఇవాళ్టిది కాదు. 1920లో మద్రాసు నగర కార్పొరేషన్ తన బడిలో పిల్లలకు ఫలహారం పెట్టటం మొదలుపెట్టింది. మనిషికి రోజుకు అణాకు మించకుండా ఖర్చు! అప్పుడు కార్పొరేషన్ అధ్యక్షుడు పిట్టి త్యాగరాయ చెట్టి, తెలుగు ఇంటివాడు. వంద సంవత్సరాలు గడిచాక, 2022 సెప్టెంబరు 15న తమిళనాడు ప్రభుత్వం మదురైలో బడిపిల్లలకు ఉదయపు ఫలహారం ప్రారంభించింది. 2023 అక్టోబరు 6న తెలంగాణ ప్రభుత్వం అలాంటి పథకాన్నే, చేవెళ్ళ ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే, రావిర్యాల బడిలో మొదలుపెట్టింది. పథకం మొదలుపెట్టటం ఒక ఎత్తు, ఆ పొయ్యి రోజూ ఆరకుండా చూడటం ఒక ఎత్తు. మీ బడిలో పొయ్యి వెలుగుతున్నదా అని అమ్మానాన్నలు బడి సమావేశంలో అడగవచ్చు. అడగటం వాళ్ళ హక్కు.

పెద్దలకు ఒక మాట. పొద్దున తీరిక లేదన్న సంగతి మాకు తెలుసు. నాలుగు గంటలకు లేచే అమ్మను ఇంకా ముందు లెమ్మని ఎవరూ అనకూడదు. పని రాత్రే కొంత చేసి పెట్టుకోవచ్చు. గుప్పెడు శనగలో పెసలో నానబెడితే పొద్దున గుడాలవుతాయి. రాగిపిండి నీళ్ళలో కలిపి మరిగించి, చల్లార్చి, మజ్జిగ పోస్తే అంబలి. మిగిలిన అన్నానికి పోపు పెట్టి, కాసిని పల్లీలు వేసి నిమ్మకాయ పిండితే ఘుమఘుమలాడే పోపన్నం. ఆ నిమ్మరసం తిండిలోని ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది కూడా. ఒక ఉడికిన గుడ్డు దొరికితే మరీ మంచిది. ఈ పనులు అమ్మే చెయ్యాలని ఎక్కడా రాసిలేదు. నాన్న చెయ్యవచ్చు, పదేళ్ళ కొడుకు శనగలు నానబెట్టవచ్చు. టీ మాత్రం పిల్లల పళ్ళెం దగ్గరకు రానీయకండి.

పిల్లలూ, ఈ నెల మీకు రెండు పనులు. ఒకటి, ఏడు రోజులపాటు పొద్దున ఏం తిన్నారో ఒక కాగితం మీద రాయండి. ధాన్యం ఒకటి, పప్పో పాలో గుడ్డో ఒకటి, కాయో ఆకో పండో ఒకటి, ఈ మూడూ ఉన్న రోజులకు చుక్క పెట్టండి. ఎన్ని చుక్కలు వచ్చాయో మీ అమ్మానాన్నలకు చూపండి. జొన్నరొట్టె తిన్న రోజు జొన్నరొట్టె అనే రాయాలి సుమా!

రెండోది ఇంకా ముఖ్యం. మీ పక్కన కూర్చునే వాణ్ణి "తిన్నావా?" అని కాదు, "ఏం తిన్నావు?" అని అడగండి. వాడు జవాబు చెప్పటానికి తడుముకుంటే, ఇంకేమీ అడగకండి. మీ డబ్బా మూత తెరిచి ఇద్దరి మధ్యా పెట్టండి.