ఇంకో కంచం పెట్టగలమా?

మా ఇంటి అటక మీద ఎనిమిది పెద్ద అట్టపెట్టెలు మడతపెట్టి ఉంటాయి. మూడేళ్ళకోసారి అవి కిందికి దిగుతాయి. ఒకదాని మీద ‘నాగ్‌పూర్’ అని రాసి, కొట్టేసి ‘విశాఖ’ అని రాసి, దాన్నీ కొట్టేసి ‘పోర్ట్ బ్లెయిర్’ అని రాసి ఉంది. ఊరి పేరు ఇప్పుడు శ్రీ విజయ పురం అయింది కానీ పెట్టె మీద పాత పేరే ఉంది. ఈ పత్రిక చదివే మీలో చాలామంది ఇళ్ళలో కూడా ఇలాంటి పెట్టెలు ఉండే ఉంటాయి. మనం బదిలీ ఉద్యోగుల పిల్లలం. కొత్త ఊరు, కొత్త స్కూలు, కొత్త స్నేహితులు అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకే ఈ విషయం మీతోనే మాట్లాడాలనిపించింది.

పోయిన వేసవిలో ఒకరోజు రాత్రి భోజనాల దగ్గర అమ్మ ఒక మాట అంది. “సొంత ఇంట్లో ఉండే వీలు లేని పిల్లలను కొన్నాళ్ళపాటు కుటుంబాలకు అప్పగిస్తారట. మనం అడిగి చూద్దామా?”

నేను వెంటనే వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో దాచుకోకుండా చెబుతాను. లంబాలైన్‌లో మా క్వార్టర్‌కు రెండే గదులు. అందులో ఒకటి నాదీ తమ్ముడిదీ. బోర్డు పరీక్షలు దగ్గరకొస్తున్నాయి. విమానాల చప్పుడుకే సగం చదువు పోతోంది, ఇంకా ఎవరో ఒకరు వచ్చి నా బల్ల మీద బొమ్మలు గీస్తుంటే ఎలా అని అనుకున్నాను. నాన్న “ఆలోచిద్దాం” అన్నారు. రెండో తరగతి చదివే మా తమ్ముడు మాత్రం అటక వైపు చూసి ఒక ప్రశ్న వేశాడు: “మనకి ట్రాన్స్‌ఫర్ వస్తే ఆ పాపని ఏ పెట్టెలో పెడతాం?”

అందరం నవ్వాం. తర్వాత ఎవరం నవ్వలేదు. ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికే నేను ఈ విషయం గురించి చదవడం మొదలుపెట్టాను.

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. దత్తత వేరు, ఫాస్టర్ కేర్ వేరు. దత్తతలో బిడ్డ శాశ్వతంగా ఆ ఇంటి బిడ్డ అయిపోతుంది. ఫాస్టర్ కేర్ అంటే పెంపక సంరక్షణ. తల్లికో తండ్రికో పెద్ద జబ్బు చేసినా, ఇంట్లో బిడ్డకు భద్రత లేకపోయినా, చూసుకునేవాళ్ళే లేకపోయినా, మరో కుటుంబం ఆ బిడ్డను తన ఇంట్లో ఉంచుకుని తిండి, చదువు, వైద్యం చూసుకుంటుంది. బిడ్డ సొంత ఇల్లు చక్కబడితే తిరిగి వెళ్ళిపోవచ్చు. అంటే, ప్రేమగా పెంచాలి, అవసరమైతే అంతే ప్రేమగా పంపించాలి.

అమెరికా వంటి దేశాల్లో ఇలా పెంచేవారికి రాష్ట్ర ప్రభుత్వం లైసెన్సు ఇస్తుంది. మన దేశంలో లైసెన్సు అనే మాట లేదు కానీ దారి అంత సులువేమీ కాదు. బాల న్యాయ చట్టం 2015లో 44వ సెక్షన్ పూర్తిగా దీని గురించే. దరఖాస్తు చేసుకున్నవారి ఇంటికి జిల్లా బాలల సంరక్షణ యూనిట్ నుంచి వచ్చి చూస్తారు. ఇల్లు, ఆదాయం, ఆరోగ్యం, ఏ నేరచరిత్రా లేకపోవడం, ఇంట్లోవాళ్ళ మనసు, అన్నీ చూసి నివేదిక రాస్తారు. చివరి ఆదేశం బాలల సంక్షేమ కమిటీది. ఆ కమిటీలో ఒక అధ్యక్షులు, నలుగురు సభ్యులు ఉంటారు. బిడ్డ వచ్చాక కూడా ఆ ఇంటిని నెలనెలా తనిఖీ చేయాలని చట్టం చెబుతోంది. కుటుంబం సరిగా చూడడం లేదని తేలితే బిడ్డను అక్కడి నుంచి తీసేస్తారు. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను వీలైనంతవరకు విడదీయకూడదని కూడా అందులోనే ఉంది. సొంత తల్లిదండ్రులు వచ్చి బిడ్డను చూసి వెళ్ళవచ్చు, కమిటీ వద్దంటే తప్ప.

2024లో కేంద్ర ప్రభుత్వం కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. అంతకుముందు పెళ్ళయిన దంపతులకే అవకాశం ఉండేది. ఇప్పుడు 35 ఏళ్ళు నిండిన ఒంటరి వ్యక్తులు కూడా దరఖాస్తు చేయవచ్చు. ఒంటరి మహిళ ఆడపిల్లనైనా మగపిల్లవాడినైనా తీసుకోవచ్చు, ఒంటరి పురుషుడు మగపిల్లలను మాత్రమే తీసుకోవచ్చు. ఆరేళ్ళు దాటిన పిల్లలను ఇలా ఇళ్ళకు పంపుతారు. అంటే మా తమ్ముడి ఈడు పిల్లలు, ఒకటో తరగతి పుస్తకాల సంచి మోసే పిల్లలు. మిషన్ వాత్సల్య కింద ఒక్కో బిడ్డకు నెలకు 4,000 రూపాయల సాయం ఉంది.

“హాస్టల్లో తిండీ బట్టా పెడుతున్నారు కదా, ఇల్లే ఎందుకు?” అని ఎవరైనా అడగవచ్చు. రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000 సంవత్సరంలో మొదలైన ఒక పరిశోధన దీనికి జవాబు ఇస్తుంది. అక్కడి అనాథాశ్రమాల్లో పెరుగుతున్న 136 మంది పసిపిల్లలను శాస్త్రవేత్తలు ఎంచుకున్నారు. సగం మందిని చీటీ వేసినట్టు ఎంచి పెంపక కుటుంబాలకు పంపారు. మిగతావారికి అప్పటిదాకా ఉన్న ఏర్పాటే కొనసాగింది. కుటుంబాల్లోకి వెళ్ళిన పిల్లలు తెలివితేటల్లోనూ, మనుషులతో అనుబంధం పెంచుకోవడంలోనూ మెరుగయ్యారు. రెండేళ్ళు నిండకముందే ఇంటికి చేరినవారికి మరింత మేలు జరిగింది. ఆశ్రమంలో ఆయా డ్యూటీ దిగి వెళ్ళిపోతుంది. ఇంట్లో అమ్మకు డ్యూటీ దిగడం ఉండదు. తేడా అక్కడే ఉంది. మన చట్టం కూడా సంస్థలో ఉంచడం చివరి మార్గం కావాలనే చెబుతోంది.

ఇది మనకు కొత్త సంగతి కూడా కాదు. ‘కన్న ప్రేమ కంటే పెంచిన ప్రేమ మిన్న’ అని మన పెద్దలు అంటారు. కృష్ణుడు అనగానే మనకు గుర్తొచ్చే తల్లి యశోద. శకుంతలను పెంచింది కణ్వుడు. కర్ణుడు రాధ పేరుతో రాధేయుడయ్యాడు. మనం ఉంటున్న ఈ దీవుల్లోనే చూడండి. నికోబారీల పెద్ద ఉమ్మడి కుటుంబాన్ని తుహెత్ అంటారు. అందులో పిల్లవాడు ఒక్క దంపతుల బాధ్యతే కాదు, అందరి బాధ్యత. 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చి కార్ నికోబార్‌ను ముంచెత్తినప్పుడు మనుషులకు మిగిలిన పెద్ద ఆసరా బంధుత్వమే. మన శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి ఈ దీవులకు బతుకుతెరువు కోసం వచ్చిన కుటుంబాల్లోనూ పిల్లలను అమ్మమ్మ దగ్గరో పిన్ని దగ్గరో ఉంచడం మామూలే. చుట్టాలు చూసుకోవడం మనకు తెలుసు. చుట్టం కాని బిడ్డను చూసుకోవడమే మనం ఇంకా నేర్చుకోవాలి.

ఇప్పుడు మా తమ్ముడి ప్రశ్న దగ్గరికి వద్దాం.

నాన్నకు ఇక్కడ ఇంకా ఏడాదిన్నర గడువు ఉంది. తర్వాత మెయిన్‌ల్యాండ్‌లో ఎక్కడికి వేస్తారో తెలియదు. బిడ్డను అప్పగించేది ఈ జిల్లా కమిటీ. కమిటీ ఆదేశం లేకుండా బిడ్డను మన సామాన్లతోపాటు ఓడెక్కించి తీసుకుపోవడం కుదరదు, కుదరకూడదు కూడా. ఆ బిడ్డ తల్లి ఇక్కడే ఉంటే, ఆమె చూడడానికి రావాలంటే మూడు రోజులు సముద్రం దాటి రావాలా? శ్రీకాకుళంలో ఉన్న నానమ్మకు ఫోన్‌లో ఈ సంగతి చెబితే ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది: “పిల్లకి కూడెట్టడం ఓ బరువేటి? మీ తిరుగుళ్ళే బరువు.”

నానమ్మ మాట నిజమనే నా అభిప్రాయం. మనం ఊరు మారినప్పుడు అమ్మానాన్న మనతో వస్తారు. చేతిలో టీసీ ఉంటుంది, అక్కడ మరో కేంద్రీయ విద్యాలయం ఉంటుంది, అదే పుస్తకం, అదే యూనిఫాం. అయినా మొదటి నెల మనకు ఎంత బెంగగా ఉంటుందో గుర్తు చేసుకోండి. ఇల్లు వదిలి వచ్చిన బిడ్డ ఒంటరిగా వస్తుంది. ఆమెకు ఒకసారి తెగిన బంధం మన బదిలీ వల్ల రెండోసారి తెగితే, అది మనం చేసిన మేలు కాదు, కీడు. అందుకని, త్వరలో బదిలీ అవుతామని తెలిసిన కుటుంబం ఏళ్ళ తరబడి పెంచుతామని మాట ఇవ్వకూడదు. ‘పుణ్యం వస్తుంది’ అని తీసుకోవడం కూడా సరికాదు. పుణ్యం మన లెక్క. బిడ్డకు కావలసింది నిలకడ.

అయితే ఇదే సాకుగా చెప్పి చేతులు దులుపుకోవడం కూడా నాకు నచ్చలేదు. మనలాంటి కుటుంబాలు చేయగలిగినవి మూడు కనిపిస్తున్నాయి.

మొదటిది, తక్కువ కాలం పెంపకం. మార్గదర్శకాల ప్రకారం ఏడాది లోపు సంరక్షణ కూడా ఉంది. తల్లి ఆసుపత్రి నుంచి వచ్చేదాకా, తండ్రి కోలుకునేదాకా ఒక బిడ్డకు ఇల్లు కావాలి. అప్పుడే బదిలీ మీద వచ్చి, మూడేళ్ళ గడువు పూర్తిగా ముందున్న కుటుంబం దీనికి నిజాయితీగా ముందుకు రావచ్చు. గడువు సంగతి దరఖాస్తులోనే దాచకుండా చెప్పాలి.

రెండోది, స్పాన్సర్‌షిప్. డబ్బు లేకపోవడం ఒక్కటే కారణంగా బిడ్డ ఇల్లు వదలవలసిన పరిస్థితి రాకుండా ఆ బిడ్డ చదువుకు, మందులకు సాయం చేసే పద్ధతి ఇది. చట్టంలో 45వ సెక్షన్ దీని గురించే. దీనికి మనం ఏ ఊళ్ళో ఉన్నా అడ్డు లేదు. బిడ్డ తన తల్లి దగ్గరే ఉండగలిగితే అంతకు మించిన మంచి ఏముంది?

మూడోది ప్రభుత్వానికి నా విన్నపం. పదో తరగతి, పన్నెండో తరగతి పిల్లలున్న ఉద్యోగులు బదిలీ ఒక ఏడాది ఆపమని అడుగుతుంటారు. పెంపకంలో బిడ్డ ఉన్న ఉద్యోగికి కూడా అలా అడిగే వీలు స్పష్టంగా ఉండాలి. మన దేశంలో ఇన్ని లక్షల కేంద్ర ఉద్యోగుల ఇళ్ళు ఉన్నాయి. నికరమైన జీతం, క్వార్టర్, పక్కనే స్కూలు, అన్నీ ఉన్న ఇళ్ళివి. ఒక్క బదిలీ భయం వల్ల వాటి తలుపులు మూసుకుపోతే నష్టం పిల్లలకే.

ఇక మన సంగతి. బిడ్డను ఇంటికి తీసుకురావడం పెద్దల నిర్ణయమే కావచ్చు, కానీ గది పంచుకునేది మనం, బల్ల పంచుకునేది మనం. కాబట్టి పెద్దలు మనల్ని అడగాలి, మనం నిజం చెప్పాలి. ‘నాకు ఇష్టం లేదు’ అని చెప్పడం తప్పు కాదు. ఇష్టం లేకుండా ఊ అని, తర్వాత ఆ బిడ్డ మీద విసుక్కోవడం తప్పు. మన క్లాసులో అలాంటి పిల్లలెవరైనా చేరితే ‘మీ అమ్మానాన్న ఎక్కడ?’ అని ఆరా తీయవద్దు. కొత్తగా చేరిన రోజు మనం ఏం కోరుకున్నామో అది చేస్తే చాలు. బెంచీ మీద పక్కకు జరిగి చోటివ్వడం, టిఫిన్ డబ్బా తెరిచి పిలవడం. వాళ్ళ ఫోటో, పేరు వాట్సాప్‌లో పెట్టకూడదు. అలాంటి పిల్లల గుర్తింపు బయటపెట్టడం 74వ సెక్షన్ ప్రకారం నేరం, ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా ఉండవచ్చు. ఏ బిడ్డ అయినా ఆపదలో ఉన్నట్టు తెలిస్తే 1098కి ఫోన్ చేయాలి. అది మనం కూడా చేయవచ్చు.

మా ఇంట్లో ఏం తేలిందో చెప్పి ముగిస్తాను. ఇప్పుడు దరఖాస్తు పెట్టడం లేదు. నాన్నకు ఉన్న ఏడాదిన్నరలో విచారణకే కొన్ని నెలలు పోతే, బిడ్డ మాకు అలవాటు పడే సమయానికి పెట్టెలు దిగుతాయి. వచ్చే పోస్టింగ్‌లో చేరగానే, మొదటి నెలలోనే అడగాలని అమ్మ, నాన్న నిర్ణయించుకున్నారు. ఈలోగా స్పాన్సర్‌షిప్ గురించి నాన్న కనుక్కుంటున్నారు. నా గది గురించి నన్ను మళ్ళీ అడిగారు. ఈసారి సరేనన్నాను, పరీక్షల నెలలో మాత్రం బల్ల నాకే అన్నాను. అమ్మ ఒప్పుకుంది.

మీ ఇంట్లో కూడా ఈ మాట ఒకసారి అనండి. వెంటనే సరే అననక్కరలేదు. వద్దన్నా ఎందుకు వద్దో మాట్లాడుకోండి. ఊళ్ళు మారడం మనకు నేర్పినది ఏదైనా ఉంటే, కొత్తగా వచ్చినవాళ్ళకు చోటివ్వడమే కావాలి.

– 11వ తరగతి విద్యార్థిని, లంబాలైన్