బండి తాగే డీజిల్... మన కడుపు మంట!

గ్యాసు పొదుపు గురించీ, కుక్కరు విజిల్స్ గురించీ మనం ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. పప్పు నానబెట్టి ఉడికిస్తే ఎంత గ్యాసు కలిసొస్తుందో మీకు నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ వారం మాత్రం వంటింట్లోంచి వాకిట్లోకి రండి. అక్కడ ఆగి ఉన్న బండి సంగతి మాట్లాడుకుందాం. "బండి సంగతి మాకెందుకమ్మా, అది మగవాళ్ల వ్యవహారం" అంటారా? అలా అనుకునే మా ఆడపడుచు రెండు నెలలు డబ్బు పోగొట్టుకుంది. డబ్బు పోతే పోయింది, అంతకంటే పెద్దదే ఇంకొకటి పోయేది.

మా ఆడపడుచు సీతాఫల్‌మండిలో ఉంటుంది. కేటరింగు చేస్తుంది. ఇంట్లో పది మందికి వండటంతో మొదలుపెట్టి, ఇప్పుడు మూడు నాలుగు వందల విస్తళ్ల పెళ్లిళ్ల దాకా ఒప్పుకుంటోంది. కూరగాయలు బోయిన్‌పల్లి మార్కెట్లో, చిల్లర సరుకు మోండా మార్కెట్లో. డేక్షాలూ, గంగాళాలూ, స్టవ్వులూ మొయ్యడానికి పాత టాటా ఏస్ ఒకటి కొన్నారు. అదేనండీ, 2005లో వచ్చి, "చోటా హాథీ" అని ఊరంతా పేరు తెచ్చుకున్న బుల్లి బండి. రెండు సిలిండర్లు, 702 సీసీ ఇంజను, ముప్పావు టన్ను మోత. పేరుకి ఏనుగేగానీ గుండె మాత్రం చిన్నదని గుర్తుపెట్టుకోండి. ఆ సంగతి తరవాత పనికొస్తుంది.

రోటీలూ, నాన్‌లూ కావాలని అడిగే పార్టీలు ఎక్కువయ్యాయి. తందూరు పొయ్యి ఏస్‌లో పట్టదు. అందుకని ఆయనగారు, అంటే మా ఆడపడుచు భర్త, ఒక వెల్డింగు షెడ్డులో చెప్పి, పాత కారు ఇరుసు మీద రెండు చక్రాల ట్రాలీ ఒకటి చేయించారు. ఏస్ వెనక తగిలించుకుని పోవడమే. అది 200 కిలోలు. పైన తందూరు, స్టవ్వులు కలిపి ఇంకో వంద. మిగిలిన చోట 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్లు పది. అంటే ఇంకో రెండొందలు. మొత్తం అర టన్ను! "ఎలాగూ ఖాళీ ఉందిగా వదినా" అంది. ఖాళీ కనిపిస్తే నింపెయ్యడం మన ఆడవాళ్లకు ఫ్రిజ్ దగ్గర్నుంచీ ఉన్న జబ్బే కదా!

అంతకుముందు లీటరుకి 16 కిలోమీటర్లు ఇచ్చే బండి ఒక్కసారిగా పదీ పదకొండుకి పడిపోయింది. ఆయనగారు లెక్క చూశారు. "ఇంత చిన్న ట్రాలీకి ఇంత డీజిలా? మనవాడే తీసి అమ్ముకుంటున్నాడు" అని తేల్చేశారు. మనవాడంటే డ్రైవరు కుర్రాడు. ఆరేళ్లుగా వాళ్ల దగ్గరే ఉన్నాడు. ఆ నెల జీతంలో రెండు వేలు పట్టుకుని ఇచ్చారు. జూన్ నెల, పిల్లాడి బడి ఫీజు కట్టాల్సిన రోజులు. ఆ కుర్రాడు మా ఆడపడుచు ముందు నిలబడి, "నేనెందుకు తీస్త అక్కా? కావాలంటే నువ్వే బండిల కూసొని చూడు" అన్నాడట.

అప్పుడు నాకు ఫోను చేసింది. నేను చెప్పింది ఒకటే మాట. "నిజమే కదా, కూర్చుని చూడు."

చూడటానికి పద్ధతి ఉందండోయ్. ఇది మీ స్కూటరుకైనా కారుకైనా పనికొస్తుంది. బంకులో ట్యాంకు నిండా పట్టించండి. గొట్టం టక్కుమని దానంతటదే ఆగిపోతుంది కదా, అక్కడితో సరి. ఆ పైన "ఇంకో యాభై రూపాయలది పొయ్యి బాబూ" అనొద్దు. మీటరు మీద కిలోమీటర్లు రాసుకోండి. తిరిగొచ్చాక అదే బంకులో, అదే పంపు దగ్గర మళ్లీ టక్కుమనేదాకా పట్టించండి. ఈసారి ఎన్ని లీటర్లు పట్టిందో, దానితో తిరిగిన కిలోమీటర్లను భాగించండి. అంతే. ఐదొందలది పోయించి, ముల్లు చూసి చెప్పే లెక్కలు కాకిలెక్కలు. మనం పాల లెక్కకి పెట్టే శ్రద్ధ పెడితే చాలు.

యాదగిరిగుట్ట దగ్గర ఒక పెళ్లి. ట్యాంకు మూత తాళంచెవి కొంగున ముడేసుకుని మా ఆడపడుచు ముందు సీట్లో కూర్చుంది. తార్నాక, ఉప్పల్, ఘట్‌కేసర్... దారి పొడుగునా దిగకుండా, కన్నార్పకుండా! రానూపోనూ 122 కిలోమీటర్లు. పట్టిన డీజిల్ 11.6 లీటర్లు. అంటే లీటరుకి పదిన్నర. కళ్ల ముందే! చుక్క డీజిల్ ఎవరూ తియ్యలేదు.

మరి దొంగ ఎవరు?

దొరికింది ఎక్కడో తెలుసా? వెళ్లేటప్పుడు బీబీనగర్ దగ్గర టీ తాగడానికి ఆగినప్పుడు. కుర్రాడు ట్రాలీ చక్రం దగ్గర ఏదో కమురు వాసన వస్తోందన్నాడు. మా ఆడపడుచు చేతిలో మంచినీళ్ల సీసా ఉంది. నాలుగు చుక్కలు చక్రం మధ్యభాగం మీద చిలకరించింది. పెనం మీద అట్టు పొయ్యబోయే ముందు చిలకరిస్తే ఎలా చుయ్‌మంటుందో అలా అందట! ఎడమ చక్రం చుయ్‌మంది, కుడిది ఊరికే తడిసింది. (దయచేసి ఎవరూ చెయ్యి పెట్టి చూడకండి, బొబ్బలెక్కుతుంది.)

మర్నాడు రాణిగంజ్‌లో మెకానిక్కు జాకీ ఎత్తి చేత్తో తిప్పి చూశాడు. మంచి చక్రం ఒక్క తోపుకి గిరగిరా తిరగాలి. ఇది సగం తిరిగి ఆగిపోయింది. పాత ఇరుసు కదా, డ్రమ్ము లోపల ఎప్పటిదో బ్రేకు తుప్పు పట్టి అలాగే బిగుసుకుపోయి ఉంది. అంటే రెండు నెలలుగా మన చిన్న ఏనుగు బ్రేకు వేసి ఉన్న ట్రాలీని ఈడుస్తోందన్నమాట! దానికి తోడు ట్రాలీ టైర్లలో గాలి సగానికి సగం లేదు. ట్రాలీని ఎవరూ బండిగా అనుకోలేదు మరి. ఏస్ టైర్లకు గాలి కొట్టించిన ప్రతిసారీ దాన్ని మర్చిపోయారు.

గాలి సంగతి తేలిగ్గా తీసుకోకండి. మనదేశంలో ఇంధన పొదుపు గురించి చెప్పడానికే 1978లో పెట్టిన పిసిఆర్ఏ అనే సంస్థ ఉంది. టైరులో గాలి పావు వంతు తగ్గితే ఐదు నుంచి పది శాతం ఇంధనం ఎక్కువ అవుతుందనీ, టైరు ఆయువు కూడా తగ్గిపోతుందనీ వాళ్ల మాట. పిండి మెత్తగా ఉంటే చపాతీ కర్రకి అంటుకున్నట్టు, గాలి లేని టైరు రోడ్డుకి అంటుకుంటుంది.

తరవాతి వారం అదే దారి, అదే పనికి ట్రాలీ లేకుండా వెళ్లారు. తందూరు అక్కడే అద్దెకి తీసుకున్నారు. నీళ్లు అక్కడే కొన్నారు. (సికింద్రాబాదు నుంచి గుట్టకి నీళ్లు మోసుకెళ్లడమేమిటి చెప్పండి! అక్కడ మనుషులు నీళ్లు తాగరా?) ఈసారి 7.7 లీటర్లు. అంటే 3.9 లీటర్ల తేడా. లీటరు 95 రూపాయల చొప్పున వేసుకున్నా ఒక్క ట్రిప్పుకి 370 రూపాయలు. తందూరు అద్దె ఇచ్చినా కలిసొచ్చినట్టే.

మా చిన్నాడు మెకానికల్ ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడు కాగితం తీసుకుని ఇంకో లెక్క వేశాడు. చక్రాలు సవ్యంగా తిరిగే అర టన్ను ట్రాలీని చదునైన రోడ్డు మీద వంద కిలోమీటర్లు లాగడానికి బరువు వల్ల అయ్యే ఖర్చు ముప్పావు లీటరు లోపేనట! ఆగడాలూ, ఎత్తులూ అన్నీ కలిపినా 122 కిలోమీటర్లకి లీటరున్నర దాటలేదు. మిగిలిన రెండు లీటర్ల పైచిలుకు పట్టేసిన బ్రేకుకీ, మెత్తటి టైర్లకీ, ఎదురుగాలికీ పోయింది. అంటే ఆయనగారు "ఇంత చిన్న ట్రాలీకి ఇంత డీజిలా" అన్నది తప్పు కాదు చూడండి. అనుమానం సరైనదే, వేలు చూపించిన మనిషే తప్పు.

ఎదురుగాలి అంటే గుర్తొచ్చింది. ఆ తందూరు మీద పెద్ద టార్పాలిను కప్పేవారు, అది తెరచాపలా కొట్టుకునేది. వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డు విపరీతంగా పెరుగుతుంది. 60 మీద వెళ్తున్న బండి 80కి పోతే గాలి తోపు దాదాపు ఒకటి ముప్పావు రెట్లు అవుతుంది. అందుకే 45 – 55 మధ్య నడపమని పిసిఆర్ఏ వాళ్లు ఏళ్ల తరబడి చెబుతున్నారు. డాలస్‌లో మా అక్కయ్య కొడుకు ఉన్నాడు. వాడిదీ పికప్పు ట్రక్కే. వాళ్లు దాన్ని "హాఫ్ టన్" అంటారు. పేరు పాతకాలంనాటిది, ఇప్పుడవి అర టన్ను కంటే బాగా ఎక్కువే మోస్తాయి. ఖాళీగా గ్యాలనుకి 20 మైళ్లు ఇచ్చేది, వెనక ఎత్తైన క్యాంపరు ట్రైలరు తగిలిస్తే పదికి పడిపోతుందట. అదే బరువున్న పడవని లాగినప్పుడు అంత తగ్గదట, పడవ పొట్టిగా కోసుగా ఉంటుంది కదా. ఏనుగు పెద్దదైనా చిన్నదైనా గాలి గాలేనన్నమాట.

ఊళ్లో మాత్రం సంగతి వేరు. అక్కడ గాలి కాదు, ఆగడమే ఖర్చు. సామానుతో ఒకటిన్నర టన్నులున్న బండి సిగ్నల్ దగ్గర ఆగి, మళ్లీ 40 వేగం అందుకోవాలంటే పది మిల్లీలీటర్ల డీజిల్ కావాలి. అంటే మన రెండు టీస్పూన్లు. ప్యారడైజ్ నుంచి తార్నాక వెళ్లేలోపు ఎన్ని టీస్పూన్లో మీరే లెక్కపెట్టుకోండి! దూరం నుంచే ఎర్రలైటు చూసి యాక్సిలరేటరు మీద కాలు తీసేస్తే కొన్నైనా మిగులుతాయి. క్లచ్చి మీద కాలు పెట్టి నడపడం, ఎత్తు మీద గేరు తగ్గించకుండా బండిని మూలిగించడం – ఈ రెండూ మాన్పించండి. వెనక నల్లపొగ వస్తోందంటే అది కాలకుండా పోతున్న మన డబ్బే. ఎయిర్ ఫిల్టరు విప్పి చూడమనండి. మన ఊరి దుమ్ము సంగతి మీకు తెలియనిదా?

ఇంక ట్రాలీ చేయించుకుందామనుకునే సోదరీమణులకు ఒక మాట. ట్రైలరు కూడా చట్టం ప్రకారం మోటారు వాహనమే. దానికీ రిజిస్ట్రేషను ఉండాలి. మావాళ్లకి ఆ సంగతి తెలియక రెండు నెలలు తిప్పేశారు, ఏ ప్రమాదమూ జరగకపోవడం మా అదృష్టం. జరిగి ఉంటే ఇన్సూరెన్సు వాళ్లు అడిగే మొదటి ప్రశ్న అదే కదా. మీ బండి ట్రాలీ లాగడానికి పనికొస్తుందా లేదా అన్నది కంపెనీ పుస్తకంలో చూసుకోండి. 702 సీసీ ఇంజను లాగగలిగినా, దాని బ్రేకులు వెనకున్న అర టన్నుని కూడా ఆపాలి మరి. మోయించే బరువు ఆర్‌సీలో రాసిన దానికంటే మించితే 2019 సవరణ తరవాత జరిమానా 20 వేలు, ఆపైన టన్నుకి రెండు వేలు చొప్పున. రిజిస్టరు చేసిన ట్రాలీయే ఉన్నా, బరువులో ఎక్కువ భాగం ఇరుసుకి ముందువైపు పెట్టండి. పదిలో ఆరు వంతులు ముందు, నాలుగు వెనక. నీళ్ల క్యాన్లన్నీ తోకవైపు పెడితే ట్రాలీ పాములా ఊగుతుంది. మావాళ్లు పెట్టింది అక్కడే!

ఏస్‌లోకి ఎక్కించే సామాను కూడా ఒకసారి దించి చూడమన్నాను. నాలుగు కమర్షియల్ సిలిండర్లు తీసుకెళ్లి రెండు నిండువి వెనక్కి తెచ్చేవారు. ఒక్కో నిండు సిలిండరు 35 కిలోల పైమాటే. ఎప్పుడూ వాడని ఇనప బల్లలు, విరిగిన జల్లెడ, పాత పెళ్లి తాలూకు విస్తరాకుల బస్తా... అన్నీ నెలల తరబడి ఊరంతా షికారు చేస్తున్నాయి. అవి దించి, గాలి సరిచూసి, నెమ్మదిగా నడిపితే ఇప్పుడు లీటరుకి 17 ఇస్తోంది.

ట్రాలీ పెరట్లో పెట్టేశారు. దాని మీద ఇప్పుడు ఎండాకాలం వడియాలు పెడుతోంది మా ఆడపడుచు. ఎత్తుగా ఉంటుంది కాబట్టి కుక్కలు రావట.

కుర్రాడి రెండు వేలూ ఆ మర్నాడే తిరిగిచ్చేసింది. ఆయనగారు కూడా వెళ్లి, "తప్పయిపోయింది" అన్నారు. మనిషి అలా అనడం నేను ఇదే మొదటిసారి వినడం. వాడు డబ్బు తీసుకున్నాడు, పనిలోకి వస్తున్నాడు. డీజిల్ పుస్తకం ఇప్పుడు వాడే రాస్తున్నాడు, లీటర్లు ఒక వరుస, కిలోమీటర్లు ఒక వరుస, ముత్యాల్లాంటి అక్షరాలు. కానీ "అక్కా" అని పిలవడం మానేసి "మేడం" అంటున్నాడట. మొన్న దసరాకి బట్టలు పెడితే తీసుకున్నాడు, వాళ్లావిడ చేత సకినాలు పంపించాడు. పంపిస్తూ కూడా, "మేడంకి ఇయ్యి" అనే చెప్పాడట.