ఇరుసు బేరింగు మారిస్తే ఏమొస్తుంది?

అమెరికాలో తెలుగువాళ్ళం నలుగురం కలిస్తే కార్ల ప్రస్తావన రాకుండా ఉండదు. అయితే ఆ మాటలన్నీ కొనబోయే కార్ల గురించే. లీజు మేలా, కొనడం మేలా, ఎలక్ట్రిక్ కారయితే గరాజులో ఛార్జరు పెట్టించడానికి ఎంతవుతుంది, ఇలాంటివే. ఉన్న బండిని ఎలా నిలబెట్టుకోవాలన్న సంగతి ఎవరూ ఎత్తరు. పొరపాటున ఎత్తితే "ఇంకా ఆ డబ్బాని వదల్లేదా?" అంటారు. ఈ వ్యాసం ఆ డబ్బాల తరఫున వకాల్తా అనుకోండి.

నా దగ్గర 1996 నాటి అర టన్ను పికప్పు ట్రక్కు ఒకటుంది. పెరట్లో కూరగాయల మళ్ళకి మట్టీ ఎరువూ తేవడానికి, గుడిలో ఉత్సవాలప్పుడు సామాన్లు చేరవేయడానికి, కొత్తగా చదువుకోడానికి వచ్చిన పిల్లలు అపార్టుమెంట్లు మారేటప్పుడు పరుపులు మోయడానికి అదే దిక్కు. రెండు లక్షల మైళ్ళు దాటింది. కిందటేడాది వెనక చక్రం దగ్గర గుర్రుమని చప్పుడు మొదలైంది. షాపులో చూపిస్తే పనికి 1,400 డాలర్లు అవుతుందన్నారు. దాంతో పాటు ఉచితంగా ఒక సలహా కూడా ఇచ్చారు: "బండి విలువే అంత చెయ్యదు, వదిలించుకోండి" అని. ఆ పని నేనే ఒక మిత్రుడి సాయంతో శని, ఆదివారాల్లో పూర్తి చేశాను. బేరింగులు, సీళ్ళు, ఆయిలు, ఒక కొత్త షాఫ్టు కలిపి 260 డాలర్లయింది. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. కానీ ఆ ఉచిత సలహా వెనకున్న లెక్క గురించీ, ఆ బేరింగు తయారైన తీరు గురించీ, ఇలాంటి పనుల పట్ల మనవాళ్ళకున్న చూపు గురించీ నాలుగు మాటలు చెప్పాలనిపించింది.

ముందు అసలు విషయం. మన ఎద్దుబండి గుర్తుంది కదా? దాని ఇరుసు తిరగదు. ఇరుసు బరువు మోస్తుంది, చక్రం దాని చుట్టూ తిరుగుతుంది, చీల చక్రం ఊడిపోకుండా ఆపుతుంది. మొయ్యడం ఒకరి పని, తిరగడం మరొకరి పని. పెద్ద లారీల వెనక ఇరుసు కూడా ఈ పద్ధతిలోనే ఉంటుంది. బరువంతా కదలకుండా ఉండే గొట్టం లాంటి హౌసింగు మోస్తుంది. చక్రం హబ్బు ఆ గొట్టం చివర రెండు బేరింగుల మీద తిరుగుతుంది. లోపలున్న షాఫ్టు పని ఇంజను బలాన్ని చక్రానికి అందించడం మాత్రమే. అందుకే దారి పక్కన ఆగిపోయిన లారీకి జాకీ కూడా పెట్టకుండా, చివరి బోల్టులు విప్పి షాఫ్టుని బయటికి లాగేస్తారు. దీన్ని ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్ అంటారు.

మామూలు అర టన్ను పికప్పుల్లో అలా ఉండదు. వాటిలో ఉండేది సెమీ ఫ్లోటింగ్ యాక్సిల్. ఇక్కడ షాఫ్టు తిరుగుతూనే బరువు కూడా మోస్తుంది. దాని బయటి చివర, చక్రానికి కాస్త లోపలగా, ఒకే ఒక బేరింగు ఉంటుంది. ఆ మూల పడే బరువంతా దాని మీదే.

చక్రానికి బేరింగు వెయ్యాలన్న ఆలోచన చాలా పాతది. వేల్స్‌లోని కార్మార్థెన్‌కి చెందిన ఫిలిప్ వాన్ 1794లో బండి ఇరుసుకి గుళ్ళు పెట్టే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. సెయింట్ లూయిస్‌లో గుర్రపుబళ్ళు తయారుచేసిన హెన్రీ టిమ్‌కెన్ 1898లో ఏటవాలు రోలర్ల బేరింగుకి పేటెంటు సంపాదించాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా మూలసూత్రం ఒకటే. లోపల ఒక రింగు, బయట ఒక రింగు, మధ్యలో దొర్లే గుళ్ళో రోలర్లో. అరిగితే ఆ మూడూ అరగాలి. వాటిని తీసి పారేసి కొత్తవి వేసుకుంటాం. ఖరీదైన ఇరుసు మాత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. అరగక తప్పదన్నప్పుడు అరిగేది చవకదై ఉండాలి. నా దృష్టిలో మంచి యంత్రానికి మొదటి లక్షణం ఇదే.

మరి నా ట్రక్కు సంగతి? ఇందులో బేరింగుకి లోపలి రింగే లేదు! రోలర్లు నేరుగా షాఫ్టు మీదే దొర్లుతాయి. అంటే షాఫ్టే లోపలి రింగన్నమాట. ఫోర్డ్ 8.8 అంగుళాల యాక్సిలూ, జనరల్ మోటార్స్ వారి 10 బోల్టుల యాక్సిలూ ఈ తరహావే. షాఫ్టు బయటికి జారిపోకుండా, డిఫరెన్షియల్ లోపల, షాఫ్టు లోపలి చివర సీ ఆకారపు చిన్న క్లిప్పు పెడతారు. ఫ్యాక్టరీలో ఒక రింగు తగ్గుతుంది, ప్రెస్సు చేసే పని తగ్గుతుంది. లక్షల బళ్ళు తయారుచేసే చోట అది చిన్న మొత్తం కాదు. ఆ ఆదా బండి కొన్నవాడికి కూడా కొంత అందే ఉంటుంది, కాదనను. కానీ పాతికేళ్ళ తర్వాత బిల్లు వచ్చేది మాత్రం ఎవరి చేతిలో బండి ఉంటే వాళ్ళకి. బేరింగు చెడితే దాంతో పాటు షాఫ్టు మీద కూడా గాడి పడుతుంది.

ఇలాగే చెయ్యాలని రూలేమీ లేదు. 1957లో వచ్చిన ఫోర్డ్ 9 అంగుళాల యాక్సిల్లో బేరింగుని పూర్తి రింగులతో షాఫ్టు మీదకి ప్రెస్సు చేసి బిగించారు. బ్రేకు ప్లేటు దగ్గర నాలుగు నట్లు విప్పితే షాఫ్టు బయటికి వస్తుంది, డిఫరెన్షియల్ తెరవక్కర్లేదు. మొదటి తరం టొయోటా టకోమాలోనూ బేరింగు షాఫ్టు మీద ప్రెస్సు చేసిందే. అది మార్చడానికి హైడ్రాలిక్ ప్రెస్సు కావాలి. ఇంట్లో చేసుకునేవాడికి అదో తలనొప్పి. కానీ షాఫ్టు మాత్రం బతుకుతుంది. ఏ పద్ధతికి ఆ ఇబ్బంది ఉంది. ఏది ఎవరి నెత్తిన పడుతుందో తెలుసుకోవాలన్నదే నా వాదన.

ఇంతకీ పని ఎలా ఉంటుందంటారా? చప్పుడు ఇంజను వేగంతో కాకుండా బండి వేగంతో పెరుగుతుంటే అనుమానం చక్రాల వైపు తిప్పాలి. బ్రేకు డ్రమ్ము లోపల గేరు ఆయిలు కనపడితే సీలు పోయినట్టే. చక్రం పైకెత్తి కిందికీ మీదికీ ఊపినప్పుడు కదిలితే బేరింగు అరిగినట్టు. లోపలికీ బయటికీ కాస్త కదలడం మాత్రం ఈ క్లిప్పు తరహా యాక్సిల్లో మామూలే, దానికి భయపడక్కర్లేదు.

ముందు చక్రాలకి అడ్డు పెట్టి, వెనక యాక్సిల్ కింద స్టాండులు వేసి, గేరు న్యూట్రల్లో ఉంచాలి. జాకీ ఎత్తడానికే గానీ, దాన్ని నమ్మి బండి కింద దూరడానికి కాదు. డ్రమ్ములు తీశాక డిఫరెన్షియల్ మూత విప్పి ఆయిలు కార్చెయ్యాలి. లోపల అడ్డంగా ఉన్న పిన్నుని ఆపే చిన్న బోల్టు తీసి, పిన్ను లాగి, షాఫ్టుని కాస్త లోపలికి నెడితే క్లిప్పు ఊడి చేతిలో పడుతుంది. ఆ పిన్ను బయట ఉన్నంతసేపూ షాఫ్టులు తిప్పకూడదు, చిన్న గేర్లు చోటు తప్పుతాయి. షాఫ్టు బయటికి లాగాక పాత సీలూ బేరింగూ పీకడానికి స్లైడ్ హ్యామర్ కావాలి. అది కొనక్కర్లేదు. విడిభాగాల దుకాణాలు చాలావరకు డిపాజిట్టు తీసుకుని అరువిస్తాయి. ఎడమ షాఫ్టు నున్నగా ఉంది. కుడి దాని మీద గోరు పెట్టి గీస్తే ఆగేంత గాడి ఉంది. అలాంటప్పుడు కొత్త బేరింగు వేసినా నిలవదు. రోలర్లు అరగని చోట కూర్చునేలా తయారుచేసిన రిపేరు బేరింగులు దొరుకుతాయి గానీ, నేను కొత్త షాఫ్టే వేశాను. కొత్త బేరింగుని దాని బయటి రింగు మీద సమంగా పడేలా సరైన డ్రైవరు పెట్టి కొట్టాలి. సీలు పెదవికి కాస్త గ్రీజు రాయాలి. ఆయిలు పీల్చుకున్న బ్రేకు షూలు ఉంటే మార్చెయ్యాలి. హౌసింగుకి గాలి ఆడే చిన్న గొట్టం ఉంటుంది, అది మూసుకుపోలేదని చూడాలి. మూసుకుపోతే వేడికి లోపల ఒత్తిడి పెరిగి కొత్త సీలులోంచి కూడా ఆయిలు బయటికి తోస్తుంది. చివరగా, నింపే రంధ్రం అంచు దాకా కొత్త ఆయిలు. అంతే.

ఇప్పుడు లెక్కల దగ్గరికి వద్దాం. "బండి విలువ కన్నా రిపేరు ఎక్కువ" అన్నమాట వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. కానీ బండి విలువ అంటే అమ్మితే వచ్చే డబ్బు. నేను అమ్మడం లేదే! నాకు కావలసింది బండి చేసే పని. ఆ పనికి మరో బండి కొంటే నెలకి 500 డాలర్ల వాయిదా అనుకుందాం. షాపు అడిగిన 1,400 కూడా మూడు వాయిదాల లోపే. రిపేరుని పోల్చవలసింది బండి ధరతో కాదు, దాని బదులు తెచ్చుకునే బండికయ్యే ఖర్చుతో. ఇంత సులువైన లెక్క, స్టాకు మార్కెట్టుని కాచి వడబోసిన మనవాళ్ళకి తట్టకపోవడం నాకు వింతగా ఉంటుంది.

"మీ గంటకెంత విలువ? రెండు రోజులు పోయాయి కదా" అంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ శనివారం మధ్యాహ్నం నాకెవరూ గంటల లెక్కన డబ్బివ్వరు. క్రికెట్ చూసినప్పుడు ఈ లెక్క ఎవరూ వెయ్యరు కూడా.

ఇంకో అభ్యంతరం మాత్రం నేను తీసిపారెయ్యలేను. పాత బండి భద్రతలో పాతదే. జారినప్పుడు బండిని అదుపు చేసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోలుని అమెరికాలో 2012 మోడల్ బళ్ళనుంచి తప్పనిసరి చేశారు. నా ట్రక్కులో అది లేదు. అందుకే మా అమ్మాయికి దాన్ని హైవే మీదకి ఇవ్వను. ఫ్రేము తుప్పుపట్టి చిల్లులు పడిన బండినీ బాగుచెయ్యమనను. పాతదల్లా పవిత్రమని కాదు. ఏ భాగం పోయింది, అది పోతే బండి పోయినట్టేనా అని ఒక్క నిమిషం ఆలోచించమంటున్నాను. బేరింగు పోవడమంటే చెప్పు తెగడం లాంటిది. చెప్పు తెగితే కాళ్ళు తీసేసుకోం కదా.

చివరిగా, అసలు కష్టం కలిగించే విషయం. నా తోటివాళ్ళలో మెకానికల్ ఇంజనీరింగు చదివి, వైటూకే రోజుల్లో కోబాల్ నేర్చుకుని ఇక్కడికొచ్చినవాళ్ళు బోలెడుమంది. బేరింగు ఆయుష్షు లెక్కకట్టే సూత్రం పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్ళే. రోలరు బేరింగు మీద బరువు రెట్టింపయితే ఆయుష్షు సగం కాదు, దాదాపు పదో వంతుకి పడిపోతుంది. ఈ లెక్క వేసినవాళ్ళలో ఎంతమంది బేరింగుని చేత్తో పట్టుకున్నారు? విజయవాడ ఆటోనగర్‌లో సూత్రం తెలియకుండానే బేరింగుని వేళ్ళ మధ్య తిప్పి, ఆ గరగర విని, పనికొస్తుందో రాదో చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళని మనం ఇంజనీర్లనలేదు. "చదువుకోకపోతే మెకానిక్ షెడ్డులో పానాలు అందించుకుంటావు" అని పిల్లల్ని భయపెట్టాం. చేతికి మసి అంటే పని తక్కువవాళ్ళ పని అన్న చూపు అది. దాని వెనక డబ్బే కాదు, కులం కూడా ఉందని మనందరికీ తెలుసు. ఏడు సముద్రాలు దాటినా ఆ చూపుని మాత్రం సూట్‌కేసులో భద్రంగా తెచ్చుకున్నాం.

ఇక్కడ పక్కింటి డాక్టరు తన బండి కింద పడుకుని ఆయిలు మార్చుకుంటే "ఎంత సింపుల్ మనిషో" అని మెచ్చుకుంటాం. అదే పని మన కుర్రాడు ఉద్యోగంగా ఎంచుకుంటానంటే ఇంట్లో అన్నం మానేస్తాం. ఇదెక్కడి న్యాయం?

అందరూ బేరింగులు మార్చుకోవాలని నేననడం లేదు. వీపు నొప్పి ఉన్నవాళ్ళు, సమయం లేనివాళ్ళు, ఇష్టం లేనివాళ్ళు షాపుకే వెళ్ళండి, తప్పులేదు. కాకపోతే రెండు పనులు చేసి చూడండి. ఈసారి మెకానిక్ ఏదో పోయిందంటే, ఆ పోయిన భాగాన్ని తీశాక చూపించమని అడగండి. అది ఎందుకు అరిగిందో చెప్పమనండి. పని తెలిసినవాడు సంతోషంగా చెబుతాడు. రెండోది, ఇంట్లో పదేళ్ళు దాటిన పిల్లలుంటే వాళ్ళని కూడా వెంట తీసుకెళ్ళండి. మా అమ్మాయి ఆ పాత బేరింగుని అడిగి తీసుకుని తన చదువుకునే బల్ల మీద పెట్టుకుంది. తిప్పితే ఇప్పటికీ గరగరలాడుతుంది. అది ఎందుకలా అంటోందో, అది ఏ బరువు మోసిందో ఆ పిల్లకి తెలుసు. నాకు మిగిలిన 1,140 డాలర్ల కన్నా అదే ఎక్కువ అనిపిస్తుంది.