బిజినెస్ లా పరీక్షకే కాదు, మన భూమికి కూడా



ఏలూరు, తాడేపల్లిగూడెం కాలేజీల్లో బీకాం చదివే మన తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది బిజినెస్ లా అంటే బట్టీ పట్టి రాసేసే పేపర్ అనుకుంటున్నారు. మా అభిప్రాయం వేరు. ఆ సబ్జెక్టు అవసరం అందరికంటే మనకే ఎక్కువ.

1872 కాంట్రాక్ట్ చట్టం, సెక్షన్ 23 తీయండి. చట్టం వద్దన్న పని కోసం చేసుకున్న ఒప్పందం చెల్లదు. ఇద్దరూ ఇష్టపడి సంతకం పెట్టినా అంతే. ఇప్పుడు దాని పక్కన 1/70 పెట్టి చదవండి. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. అమ్మకమే కాదు, కౌలు, తనఖా, ఆ భూమి మీద రాసుకునే ఒప్పందం కూడా అందులో 'బదలాయింపు' కిందికే వస్తాయి. కాబట్టి బుట్టాయగూడెం, జీలుగుమిల్లి ఏజెన్సీ ఊళ్లలో "మీ నాన్న వేలిముద్ర వేశాడు కదా" అని ఎవరైనా బెదిరిస్తే బెదరకండి. ఆ కాగితానికి బలం లేదు.

మైదానంలో 1/70 లేదు, కానీ సెక్షన్ 23 అక్కడా ఉంది. కొల్లేరునే చూడండి. 1999లో ఐదో కాంటూరు వరకు అభయారణ్యం అన్నారు. అయినా లోపల చేపల చెరువులు నడిచాయి. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలతో గట్లు కొట్టేశారు. ఏ లీజు కాగితమూ అడ్డుపడలేదు. పెట్టుబడి పెట్టినోడు ఇంకోచోట చెరువు తవ్వుకుంటాడు. లంక గ్రామాల పేదోడు ఎక్కడికి పోతాడు?

ఇక నైతిక బాధ్యత. 1997 సమత తీర్పులో సుప్రీంకోర్టు, గనుల లాభంలో కనీసం 20 శాతం అక్కడి నీళ్లకు, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు పెట్టాలంది. 2013 కంపెనీల చట్టం పెద్ద కంపెనీలను సామాజిక బాధ్యత కింద అడిగేది 2 శాతం. ఈ తేడా మీద క్లాసులో చర్చ పెట్టండి.

"కౌలు డబ్బు లేకపోతే నీ ఫీజు ఎట్లా కట్టేది?" అని ఇంట్లో అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. చెల్లదని చెప్పి ఊరుకుంటే కడుపు నిండదు. కానీ 1/70 ఒక దారి తెరిచే ఉంచింది. గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికి భూమి ఇవ్వొచ్చు. దాని లెక్కలు రాయడానికి, నడపడానికి కామర్స్ చదివిన మనం లేమా?

ఈ సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు పెట్టెలో ఉన్న కాగితాలన్నీ తీసి పెద్దవాళ్లకు చదివి వినిపించండి. ఎవరి భూమికీ మీ పేరు బినామీగా ఇవ్వకండి.