ఉష్ణశాస్త్ర సమస్యల సాధన: పారిభాషిక పదమునకు గీటురాయి

భారతీయ భాషలలో పారిభాషిక పదనిర్మాణమును గూర్చిన చర్చ చాలకాలముగా సాగుచున్నది. కేంద్రప్రభుత్వము 1961లో వైజ్ఞానిక సాంకేతిక పదావళి సంఘమును నెలకొల్పినది. హైదరాబాదున తెలుగు అకాడమి 1968లో వెలసినది. పదకోశములు అనేకము వెలువడినవి. అయినను ఒక పదము మంచిదా కాదా యని తేల్చునపుడు పండితులు సాధారణముగ రెండు కొలతలనే వాడుచున్నారు. వ్యుత్పత్తి నిర్దుష్టముగ నున్నదా యనునది మొదటిది. పదము సంస్కృతమా, దేశ్యమా, అన్యదేశ్యమా యనునది రెండవది. ఆ పదముతో విద్యార్థి ఒక లెక్కను సరిగా చేయగలడా యను మూడవ కొలత ఉండవలెను. నిజమునకు అదియే మొదటిది కావలెను. ఉష్ణశాస్త్రమున ఈ సంగతి తేటపడినంతగా మరియొకచోట తేటపడదు.

ఒక చిన్న సమస్యను చూడుడు. 80 డిగ్రీల సెల్సియస్ వద్దనున్న 1 కిలోగ్రాము నీటిలో 0 డిగ్రీల వద్దనున్న 1 కిలోగ్రాము మంచును వేసిరి. పరిసరములతో ఉష్ణవినిమయము లేదు. తుది ఉష్ణోగ్రత యెంత? తొందరపడు విద్యార్థి రెండింటి సగటు తీసి 40 అనును. 1 కిలోగ్రాము మంచు కరుగుటకు 334 కిలోజౌళ్లు కావలెను. నీటి విశిష్టోష్ణము కిలోగ్రామునకు, డిగ్రీకి 4.19 కిలోజౌళ్లు గనుక, ఆ నీరు 80 డిగ్రీలనుండి 0 వరకు చల్లబడునపుడు విడుచునది 335 కిలోజౌళ్లు. మంచు కరుగుటకే ఇంచుమించు అంతయు సరిపోయినది. కావున తుది ఉష్ణోగ్రత దాదాపు 0 డిగ్రీలే.

ఆ విద్యార్థి పొరబడుటకు గణితము తెలియకపోవుట కారణము కాదు. "వేడి ఇచ్చినచో వేడి పెరుగును" అను వాడుక వాక్యము అతని మనస్సున నున్నది. అందు మొదటి వేడి రాశి, రెండవ వేడి తీవ్రత. ఒకే మాట రెండర్థములను మోయుచున్నది. "ఉష్ణమును ఇచ్చినంతమాత్రమున ఉష్ణోగ్రత పెరుగవలెనని లేదు" అని రెండు పదములతో చెప్పినగాని సత్యము వాక్యమునకు లొంగదు. ఇది తెలుగునకు మాత్రమే గల లోపము కాదు. ఐరోపాలో సైతము 1760వ దశకమున గ్లాస్గోలో బోధించుచుండిన జోసెఫ్ బ్లాక్ ఈ భేదమును ప్రయోగములతో స్థాపించువరకు ఈ గందరగోళము తొలగలేదు. దాగియున్న ఉష్ణమని ఆయన పెట్టిన పేరే మన గుప్తోష్ణము. ఉష్ణ, ఉగ్రత అను రెండు పదముల కలయికయగు ఉష్ణోగ్రత, తాను చెప్పునది తీవ్రతయే గాని రాశి కాదని తన రూపముననే చాటుచున్నది. ఈ పదము గీటురాయికి నిలిచినది.

తత్సమములను గ్రహించినచో అన్ని భాషలకును పరిభాష ఒక్కటియగునను నమ్మకము ఇచ్చట నిలువదు. హిందీ భౌతికశాస్త్రమున ఊష్మ యనగా ఉష్ణము, తాపమనగా ఉష్ణోగ్రత. మలయాళమున తాపమే ఉష్ణము, ఊష్మావు ఉష్ణోగ్రత. మరాఠీలో ఉష్ణత యనగా ఉష్ణము, వంగభాషలో అదే మాటకు ఉష్ణోగ్రత యని అర్థము. పదములు ఒకే గనిలోనివి, అర్థములు తారుమారు. ఒక రాష్ట్రమున చదివి మరియొక రాష్ట్రమునకు పోవు విద్యార్థికి తెలియని మాటకంటె తెలిసినట్లు తోచు మాటయే ఎక్కువ ప్రమాదకరము.

పదకోశములు నామవాచకములతో తృప్తిపడుచున్నవి, కాని సమస్యను నడిపించునది క్రియ. తెలుగు వంటయింట "ఎసరు కాగుచున్నది" అనుట వేరు, "ఎసరు మరుగుచున్నది" అనుట వేరు. కాగునపుడు ఉష్ణోగ్రత పెరుగును. అచ్చట విశిష్టోష్ణముతో లెక్క. మరుగునపుడు, కరుగునపుడు ఉష్ణోగ్రత నిలుకడగా నుండును. అచ్చట గుప్తోష్ణముతో లెక్క. ఏ సూత్రమును వాడవలెనో క్రియయే చెప్పుచున్నది. ఇట్టి సంపదను విడిచి అన్నిచోట్లను "వేడిచేయబడినది" అని వ్రాయుట చేతనున్న దీపమును ఆర్పుకొనుట.

విభక్తి విషయమును ఇట్టిదే. "వాయువు 500 జౌళ్ల ఉష్ణమును గ్రహించి 200 జౌళ్ల పని చేసెను" అన్నచో దాని అంతశ్శక్తి 300 జౌళ్లు పెరుగును. "వాయువు 500 జౌళ్ల ఉష్ణమును గ్రహించెను, వాయువుపై 200 జౌళ్ల పని జరిగెను" అన్నచో 700 జౌళ్లు పెరుగును. కర్త యెవరో తెలియకుండ "200 జౌళ్ల పని చేయబడినది" అని ఊరకున్న అనువాదకుడు 400 జౌళ్ల భేదమును విద్యార్థి నెత్తిన వేయుచున్నాడు.

ఉష్ణవహనమునకు వచ్చినను ఇంతే. 10 చదరపు మీటర్ల వైశాల్యము, 20 సెంటీమీటర్ల మందము గల ఇటుక గోడకు ఒక ముఖము 42, రెండవది 30 డిగ్రీల వద్ద స్థిరముగ నున్నవనుకొనుడు. ఉష్ణవాహకత మీటరునకు, డిగ్రీకి 0.7 వాట్లు. "ఎంత ఉష్ణము ప్రవహించును?" అని యడిగినచో సమాధానము లేదు. సెకనునకు 420 జౌళ్లు. గంటకు 15 లక్షల 12 వేల జౌళ్లు. "సెకనునకు" అను ఒక్కమాట లేకున్న ప్రశ్నయే ప్రశ్న కాదు.

ఈ చిక్కులన్నియు ఆంగ్లమున లేవు గదా, ఆంగ్లముననే చదువుకొనిన చాలదా యని కొందరందురు. ఆంగ్ల ప్రశ్నను కంఠస్థము చేసి సూత్రమున అంకెలు నింపు విద్యార్థికిని పై మంచు సమస్యలో 40 డిగ్రీలే వచ్చును. ఎంట్రోపీ వంటి పదమును ఉన్నదున్నట్లు గ్రహించుటలో దోషము లేదు. దాని చుట్టునున్న వాక్యము మాత్రము తెలుగు కావలెను. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2021–22 విద్యాసంవత్సరమునుండి తెలుగుతోగూడ పలు భారతీయ భాషలలో ఇంజనీరింగు బోధనకు అనుమతించిన పిదప ఇది పండితగోష్ఠికి మాత్రమే పరిమితమగు విషయము కాదు. వాక్యదోషమువలన తప్పిన లెక్కకు మార్కులు పోగొట్టుకొనువాడు అనువాదకుడు కాడు, విద్యార్థి.

కావున ఇకమీదట ప్రతి పదకోశమున ముఖ్యమైన ప్రతి పదమునకును సాధించిన సమస్య యొకటి ఉండవలెను. దానితో వచ్చు క్రియలు, విభక్తులు, ఇరుగుపొరుగు భాషలలో ఆ పదమునకు గల అర్థభేదములు చూపవలెను. భౌతికశాస్త్రాధ్యాపకుడును భాషాధ్యాపకుడును ఒకే బల్లయొద్ద కూర్చుండి, ఆ సమస్యను ఎరుగని విద్యార్థిచేత చదివించి, అతడు తడబడిన చోటనెల్ల వాక్యమును దిద్దవలెను. అట్లు దిద్దిన పిదప నిలిచిన పదమే పరిభాష యగును. తక్కినది పట్టిక మాత్రమే.