దుప్పటి చర్చి ఇస్తోంది.. మరి నీడ ఎవరిస్తారు? నర్సీపట్నం లాంటి ఊళ్ల ప్రశ్న ఇదే

నర్సీపట్నం: చలికాలం వచ్చిందంటే చాలు.. చిన్న పట్టణాల్లో ఒక దృశ్యం మామూలే. చర్చి యువకులు రాత్రిపూట బస్టాండ్, ఆస్పత్రి పరిసరాల్లో పడుకున్నవాళ్లకు దుప్పట్లు, భోజనం పొట్లాలు ఇచ్చి వెళ్తుంటారు. క్రిస్మస్ ముందు ఈ సందడి ఇంకా ఎక్కువ. అనకాపల్లి జిల్లా నర్సీపట్నం లాంటి చోట ఈ సాయం చిన్నదేం కాదు. చింతపల్లి, గూడెం కొత్తవీధి, కొయ్యూరు ఏజెన్సీకి ఇదే ముఖద్వారం. వైద్యానికైనా, పనికైనా కొండ దిగినవాళ్లు చాలామంది చేరేది ఇక్కడికే. మరి దుప్పటి ఇచ్చిన మర్నాడు ఆ మనిషి సంగతేంటి? అసలు సమస్య అక్కడే మొదలవుతోంది.

డబ్బులు ఎక్కడివి?

చిన్న ఊళ్లలో చర్చిల సేవ ఎక్కువగా ఆదివారం కానుకలు, దశమ భాగం, తెలిసిన దాతల మీదే నడుస్తుంది. పెద్ద సంస్థలకు విదేశీ విరాళాలూ వస్తాయి. అయితే 2020లో కేంద్రం ఎఫ్‌సీఆర్ఏ చట్టాన్ని సవరించింది. విదేశీ నిధులు తీసుకున్న సంస్థ వాటిని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గింది. దీంతో పెద్ద సంస్థల నుంచి చిన్న ట్రస్టులకు వచ్చే దారి మూసుకుపోయింది. మదర్ థెరిస్సా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ ఛారిటీకే 2021 డిసెంబర్ 25న లైసెన్సు రెన్యువల్ నిరాకరించి, 2022 జనవరిలో మళ్లీ ఇచ్చారు. అంత పెద్ద సంస్థకే ఆ పరిస్థితి వస్తే, కానుకల పెట్టె మీద నడిచే చిన్న ఆశ్రమం మాటేమిటి?

ఇంటింటికీ పింఛను.. ఇల్లే లేకపోతే?

రాష్ట్రంలో 2024 జూలై నుంచి వృద్ధులకు నెలకు 4 వేల రూపాయల పింఛను ఇస్తున్నారు. ఒకటో తేదీనే సిబ్బంది ఇంటికొచ్చి చేతిలో పెడుతున్నారు. మంచి పనే. కానీ ఆధార్, రేషన్ కార్డు, చిరునామా లేనివాళ్లు ఆ జాబితాలోకి ఎక్కడమే కష్టం. అందరికంటే ఎక్కువ అవసరమున్న మనిషే లెక్కలో లేకుండా పోతున్నాడు.

షెల్టర్ల సంగతీ అంతే. లక్ష పట్టణ జనాభాకు కనీసం 100 మందికి వసతి ఉండాలని జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ నిబంధనలు చెప్పాయి. విశాఖ లాంటి నగరాలకు ఈ లెక్క సరిపోతుంది. 2011 లెక్కల ప్రకారం లక్ష జనాభా కూడా లేని నర్సీపట్నం లాంటి పట్టణాలు వెనకబడిపోతాయి. ఆ ఖాళీనే చర్చిలు, దాతలు పూడుస్తున్నారు.

సేవకూ జవాబుదారీ ఉండాలి

సాయం పేరుతో మతం మారుస్తున్నారన్న అనుమానం ఒకవైపు.. సేవ చేస్తే నిందలా అన్న ఆవేదన ఇంకోవైపు. ఈ గొడవలో రోడ్డు మీది మనిషిని ఎవరూ పట్టించుకోవట్లేదు. ప్రార్థనకు రాకపోయినా అన్నం పెడతారా? ఆశ్రమం వదిలి వెళ్తానంటే వెళ్లనిస్తారా? అడగాల్సినవి ఇవి. మానసిక రోగులను ఉంచి చికిత్స చేసే కేంద్రాలకు 2017 చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి. సేవా భావం ఎంత ఉన్నా తనిఖీకి మినహాయింపు లేదు.

అదే చట్టం ప్రభుత్వాన్నీ వదల్లేదు. మతిస్థిమితం లేక రోడ్ల మీద తిరిగేవాళ్లను రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోపు ప్రభుత్వ వైద్య కేంద్రానికి చేర్చే బాధ్యత పోలీసులది. చర్చిది కాదు, ట్రస్టుది కాదు.

ఇప్పుడేం చేయాలి?

పెద్ద ఖర్చు అక్కర్లేదు. మున్సిపాలిటీ ఒక రాత్రి సర్వే చేసి, బయట పడుకునేవాళ్ల పేర్లు రాసుకోవాలి. ఆస్పత్రికి దగ్గర్లో ఒక భవనం కేటాయించాలి. నిర్వహణకు చర్చిలు, ఇతర దాతలతో రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. షెల్టర్ చిరునామాతోనే ఆధార్, పింఛను ఇప్పించాలి.

2011లో ఇళ్లులేనివాళ్లను ఫిబ్రవరి 28 రాత్రి లెక్కించారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 1.45 లక్షల మంది తేలారు. 2027 జనగణన దగ్గరపడుతోంది. ఆ రాత్రి నర్సీపట్నం రోడ్ల మీద ఎంతమంది కనిపిస్తారన్నది ఇప్పుడు తీసుకునే నిర్ణయం మీదే ఆధారపడి ఉంది. దుప్పటి ఒక రాత్రికే.. చిరునామా జీవితాంతం పనికొస్తుంది.