కాలం సమీకరణంలో దూరానికేం పని?

లోరెంజ్ రూపాంతరణలను రాబట్టమంటే మనలో చాలామంది పది నిమిషాల్లో రాబట్టేస్తారు. కాలం సమీకరణంలో దూరం ఎందుకొచ్చి కూర్చుందని అడిగితే మాత్రం నోరు మెదపరు. "ఐన్‌స్టీన్‌నే ప్రశ్నిస్తావటోయ్?" అని నవ్వేవాళ్లూ లేకపోలేదు. ప్రశ్నించాలనే నా వాదం. కాకపోతే పునాది ఎక్కడుందో చూసుకుని మరీ ప్రశ్నించాలి.

పునాదిరాళ్లు రెండంటారు. సమవేగంతో కదిలే చట్రాలన్నిటిలోనూ భౌతిక నియమాలు ఒకటే అన్నది మొదటిది. కాంతి వేగం దాన్ని వెలువరించే వస్తువు వేగం మీద ఆధారపడదన్నది రెండోది. అయితే 1910లో ఇగ్నటోవ్‌స్కీ రెండో రాయి జోలికి పోకుండానే, అన్ని దిక్కులూ సమానమే అన్న ఊహను మొదటిదానికి జోడించి ఈ సమీకరణాల రూపాన్ని రాబట్టాడు. అందులో ఒక గరిష్ఠ వేగం విలువ తేలకుండా మిగులుతుంది. అది అనంతమైతే గెలీలియో, పరిమితమైతే లోరెంజ్! ఏదన్నది ప్రయోగమే చెప్పాలి.

మూడో రాయి ఒకటి మరుగున ఉంది. దూరదూరంగా ఉన్న రెండు గడియారాలను కలపడమెలా? కాంతి వెళ్లే కాలమూ, వచ్చే కాలమూ సమానమని 1905 వ్యాసంలో ఐన్‌స్టీన్ నిర్వచనంగానే పెట్టుకున్నాడు. మనం నేరుగా కొలవగలిగేది రానుపోను వేగమే. కాబట్టి ఇక్కడ ప్రశ్నకు నిజంగానే చోటుంది.

1972లో హెర్బర్ట్ డింగిల్ ఒక పుస్తకమే రాసి నిలదీశాడు: రెండు గడియారాల్లో ప్రతిదీ రెండోదానికన్నా నెమ్మదిగా నడవడం ఎలా సాధ్యమని. ప్రశ్న మంచిదే. జవాబు ఆ దూరం పదంలోనే ఉంది. కదిలే గడియారాన్ని పోల్చాలంటే నాకు రెండు చోట్ల రెండు గడియారాలు కావాలి. అవి కలిసి లేవని అవతలివాడంటాడు. అంతే, వైరుధ్యం లేదు.

పోనీ, ఇదంతా నిర్వచనాల గారడీయేనా? కాదు. 1977లో సెర్న్‌లో మ్యూయాన్లను వలయంలో తిప్పి చూశారు. నిశ్చలంగా ఉంటే సగటున 2.2 మైక్రోసెకన్లు బతికేవి సుమారు 64 మైక్రోసెకన్లు బతికాయి. తిరిగి అదే చోటికి వచ్చేవాటికి దూరపు గడియారాలతో పనిలేదు కదా!

ఐన్‌స్టీన్ వ్యాసాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి, 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం ప్రచురించిన గ్రంథంలో చేర్చిన సాహా, బోసులు అప్పటికి ఇరవైల్లో ఉన్న యువకులే. మూలం చదివారు కనుకనే లోతుకు దిగారు. గురువులకు నాదొక్కటే మనవి: ఈసారి పరీక్షలో "రాబట్టుము" అనకుండా "ఏ ఊహ ఎక్కడ వాడితివి?" అని అడగండి. సగం మందిమి తప్పుతామేమో. మిగతా సగం మందికి ఫిజిక్స్ వస్తుంది.